బేస్ ఒక్కటే పట్టుకుని స్టేజీ ఎక్కాలంటే ఏ లూపర్ తీసుకోవాలి?

నెల్లూరు, ఒంగోలు వైపు బేస్ గిటార్ వాయించేవాళ్ళలో చాలామంది చర్చి క్వయర్‌లోనో, పెళ్ళి ఆర్కెస్ట్రాలోనో చెయ్యి తిరిగినవాళ్ళు. పక్కన డ్రమ్స్, కీబోర్డు, పాడేవాళ్ళు ఉన్నంతసేపు బేస్‌కి ఏ లోటూ ఉండదు. అదే మనిషి ఒంటరిగా అరగంట కార్యక్రమం ఇవ్వాలనుకుంటే మాత్రం తోడు కావాలి. ఆ తోడే లూపర్. కాలితో ఒకసారి నొక్కితే మీరు వాయించేది రికార్డు చేసుకుంటుంది. ఇంకోసారి నొక్కితే ఆ ముక్కనే ఆగకుండా తిప్పి తిప్పి వినిపిస్తుంది. దాని మీద ఇంకో వరస, ఆ పైన మరో వరస వేసుకుంటూ పోవచ్చు.

కొనే ముందు చాలామంది చూసేది రికార్డింగ్ ఎన్ని నిమిషాలు, మెమరీలు ఎన్ని, ఎఫెక్టులు ఎన్ని అని. బేస్ వాయించేవాళ్ళకి ఆ లెక్కలు పెద్దగా పనికిరావని నా గట్టి అభిప్రాయం. చూడాల్సినవి రెండే. మీరు ఆపాలనుకున్న బీటు దగ్గరే అది ఆగుతుందా? పల్లవి నుంచి చరణానికి మిమ్మల్ని తీసుకెళ్ళగలుగుతుందా?

నిమిషాల సంగతి చూడండి. నిమిషానికి 80 బీట్ల వేగంలో ఆదితాళం ఒక ఆవర్తం, అంటే 8 బీట్లు, పూర్తవడానికి 6 సెకన్లు పడుతుంది. నాలుగు ఆవర్తాలు కలిపి లూప్ చేసినా 24 సెకన్లే. టీసీ ఎలక్ట్రానిక్ వాళ్ళ డిట్టో 5 నిమిషాలు రికార్డు చేస్తుంది, బాస్ కంపెనీ ఆర్‌సీ 1 అయితే 12 నిమిషాలు, ఆర్‌సీ 5 ఏకంగా 13 గంటలు. మీకు కావాల్సింది అర నిమిషం. 1970ల చివర్లో పేరున్న అమెరికన్ బేస్ వాద్యకారుడు జాకో పాస్టోరియస్ డిజిటల్ డిలే (ప్రతిధ్వని పుట్టించే పరికరం)లో చిన్న ముక్క పట్టి ఉంచి, దాని మీద ఒక్కడే బేస్ సోలో వాయించేవాడు. 1999లో వచ్చిన లైన్ 6 కంపెనీ డిలే పెడల్ డీఎల్ 4లో లూప్ 14 సెకన్లే. దాంతోనే ఎంతోమంది కార్యక్రమాలు నడిపారు.

ముందు పాటల పట్టీ రాయండి

వాయించాలనుకున్న పాటలన్నీ కాగితం మీద పెట్టండి. ఒక్కో పాట ఎదురుగా ఒక సంగతి రాయండి: మొదటి నుంచి చివరిదాకా అవే కార్డులు (chords, కలిపి మోగే స్వరాల గుంపులు) తిరుగుతాయా, లేక చరణం దగ్గర మారిపోతాయా?

మారని రకం పాటలకి ఒక్క ట్రాక్ లూపర్, అంటే ఒకే లూప్ పట్టేది, హాయిగా సరిపోతుంది. నాలుగు కార్డుల మీద తిరిగే ఆరాధన పాటలు, ఏదైనా రాగం పట్టుకుని నెమ్మదిగా పెంచుకుంటూ పోయే ఆలాపన, ఒక గ్రూవ్ మీద నడిచే సొంత ముక్కలు, ఇవన్నీ ఆ రకమే.

సినిమా పాట అలా కాదు. పల్లవి ఒక దారి, మధ్యలో మ్యూజిక్ ఒక దారి, చరణం ఇంకో దారి. మన దగ్గర వినేవాళ్ళు గట్టివాళ్ళు. ఎస్పీ బాలు పుట్టిన గడ్డ మీద పాట అందుకుంటే చరణం కూడా నోటికి వచ్చినవాళ్ళే ఎదురుగా కూర్చుంటారు. పల్లవి కార్డులే చరణం కింద కూడా తిప్పుతుంటే రెండో లైనుకే వాళ్ళ ముఖాల్లో తెలిసిపోతుంది. అందుకని మీ పట్టీలో సగానికి మించి సినిమా పాటలే ఉంటే ఒక్క ట్రాక్ పెడల్ కొనకండి. కొన్నాక మళ్ళీ ఇంకోటి కొనాల్సి వస్తుంది.

దీనికి మధ్యే మార్గం ఒకటి ఉంది. లూప్‌లో కార్డులు పెట్టకుండా షడ్జమం, పంచమం మాత్రమే తంబురాలా పెట్టి, పల్లవీ చరణమూ రెండూ దాని మీదే వాయించడం. ఒకే రాగం మీద నడిచే పాటలకి ఇది చక్కగా కుదురుతుంది. రాగం మారుతూ పోయే పాటలకి కుదరదు.

ఒక్క బటన్ పెడల్స్: డిట్టో, ఆర్‌సీ 1

డిట్టో అరచేతిలో సగం ఉంటుంది. ఒక నాబ్, ఒక స్విచ్, అంతే. బ్యాగు జేబులో పడేసుకుని పోవచ్చు. శబ్దం శుభ్రంగా ఉంటుంది, నేర్చుకోవడానికి ఒక పూట చాలు. ఇంట్లో సాధనకి దీన్ని మించింది లేదంటాను.

స్టేజీ మీద చిక్కంతా ఆపేటప్పుడు వస్తుంది. డిట్టోని ఆపాలంటే వెంటవెంటనే రెండుసార్లు నొక్కాలి. లూప్ నడుస్తుండగా మొదటి నొక్కుకి అది ఓవర్‌డబ్‌లోకి, అంటే ఉన్న లూప్ మీద కొత్త వరస రికార్డు చేసే పనిలోకి వెళుతుంది, రెండో నొక్కుకి ఆగుతుంది. అంటే పాట ముగింపు సరిగ్గా సమం (ఆవర్తంలో మొదటి బీటు) మీద పడాలంటే మొదటి నొక్కు సమానికి కాస్త ముందే పడాలి. రెండు నొక్కుల మధ్య ఆలస్యమైతే లూప్ ఆగదు సరికదా, చివర్లో మీరు వాయించిన స్వరం కూడా అందులో రికార్డయిపోయి మళ్ళీ తిరుగుతుంది. కూర్చుని వాయించేవాళ్ళు దీన్ని సాధన చేసి పట్టుకోవచ్చు. నిలబడి, బూటు వేసుకుని, చీకటి స్టేజీ మీద రెండుసార్లు నొక్కడం ఎంత టెన్షనో చేసి చూస్తేనే తెలుస్తుంది.

ఆర్‌సీ 1లోనూ ఒకటే స్విచ్, కానీ దాని పక్కన బయటి ఫుట్‌స్విచ్ పెట్టుకోవడానికి జాక్ ఉంది. దానికి రెండు బటన్ల ఫుట్‌స్విచ్ తగిలిస్తే ఒకటి ఆపడానికి, ఒకటి చివరి వరస తీసెయ్యడానికి పనికొస్తాయి. ఒక్క నొక్కుకి ఆగుతుంది. పైగా పెడల్ మీద గుండ్రంగా వెలిగే లైట్లు లూప్ ఎంతవరకూ వచ్చిందో చూపిస్తాయి. పొడవాటి లూప్ వేసినప్పుడు తల వంచి ఒక్క చూపు చూస్తే సమం ఎప్పుడొస్తుందో తెలిసిపోతుంది. ఇంకో మేలు, ఆర్‌సీ 1 లోపల 9 వోల్టుల బ్యాటరీ పడుతుంది. డిట్టోకి బ్యాటరీ లేదు, అడాప్టర్ ఉండాల్సిందే. ఊరి పందిట్లో వాయించేవాళ్ళకి ఇది చిన్న సంగతి కాదు. లూప్ తిరుగుతున్నప్పుడు కరెంటు పోయి జెనరేటర్ అందుకునేలోపు పెడల్ ఆరిపోతే, పాట అక్కడితో సరి.

ఈ రెండిట్లో ఒకటంటే స్టేజీకి ఆర్‌సీ 1, బయటి స్విచ్‌తో కలిపి. స్విచ్ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి, తర్వాత చూద్దాంలే అనుకోకండి.

వీటికి పై మెట్టుగా డిట్టో ఎక్స్2 దొరికితే చూడండి. రెండో స్విచ్‌ని ఆపడానికి పెట్టుకోవచ్చు, లేదా లూప్‌ని వెనక్కి తిప్పడానికో, సగం వేగంలో నడపడానికో పెట్టుకోవచ్చు. సగం వేగం అంటే స్వరం ఒక స్థాయి కిందికి దిగుతుంది. పై స్థాయిలో వాయించిన వరస అలా మంద్రంలోకి దిగడం బేస్ మీద వినడానికి చాలా బాగుంటుంది.

డ్రమ్స్ ఉన్నవి

ఆర్‌సీ 5 చూడ్డానికి ఆర్‌సీ 1 అంతే ఉంటుంది గానీ లోపల 57 రిథమ్‌లు, 7 డ్రమ్ కిట్లు, లూపులు దాచుకోవడానికి 99 మెమరీలు ఉన్నాయి. 5, 7 బీట్ల కొలతలు కూడా ఉండటం వల్ల ఖండ చాపు, మిశ్ర చాపు నడకల్లో ముక్కలు చేసుకునేవాళ్ళకి దారి ఉంది. న్యూఎక్స్ వాళ్ళ లూప్ కోర్ కూడా ఈ జాతిదే, తక్కువ ధరలో వస్తుంది.

డ్రమ్స్ ఉంటే మంచిదే కదా అనిపిస్తుంది. సాధనకి నిజంగా మంచిదే, కాలం నిలబడుతుంది. స్టేజీ మీద మాత్రం నేను వద్దంటాను. పెడల్‌లోంచి తయారు డ్రమ్స్ మొదలవగానే వినేవాళ్ళకి అది ముందే రికార్డు చేసిన ట్రాక్ వేసి వాయిస్తున్నట్టే ఉంటుంది. అదే మీరు ఎడమ చేత్తో తీగల్ని నొక్కి ఉంచి, కుడి బొటనవేలితో కొట్టి ‘డప్’ అనే దెబ్బ, వేలి కొసతో లాగి ‘టక్’ అనే దెబ్బ రికార్డు చేసి తాళం మీ ముందే పుట్టించారనుకోండి, ముందు వరసలో పిల్లలు కూడా మెడలు చాచి చూస్తారు. ఒంటరి బేస్ కార్యక్రమానికి ఉన్న ఆకర్షణ అంతా ఆ పుట్టుకలోనే ఉంది.

ఆర్‌సీ 5 వద్దని కాదు. బయటి స్విచ్ దీనికీ తగిలించుకోవచ్చు, మెమరీలు పనికొస్తాయి, బ్యాటరీ కూడా పడుతుంది. డ్రమ్స్ కోసమని కొనకండి అంటున్నాను, అంతే. డ్రమ్స్ వాడాలనుకుంటే బేస్ యాంప్‌లోంచి వినిపించకండి, మెత్తగా ముద్దగా వస్తాయి. నేరుగా మైక్ సెట్ మిక్సర్‌కి పంపించాలి.

డిజిటెక్ ట్రయో ప్లస్ గురించి కూడా అడుగుతుంటారు. అది గిటార్ కార్డులు విని డ్రమ్స్, బేస్ తనే తయారుచేసే పెడల్. బేస్ వాయించేవాళ్ళకి దాంతో పని లేదు.

రెండు ట్రాకులు: సినిమా పాటలవాళ్ళకి ఇదే

ఆర్‌సీ 500లో రెండు ట్రాకులు, మూడు ఫుట్‌స్విచ్‌లు ఉంటాయి. ట్రాకులు రెండూ కలిపి నడపొచ్చు, లేదా ఒకటి ఆగగానే రెండోది అందుకునేలా పెట్టుకోవచ్చు. ఈ రెండో పద్ధతే మనకి కావాల్సింది. ఒకటో ట్రాకులో పల్లవి కార్డులు, రెండో ట్రాకులో చరణం కార్డులు. పాట మొదటి సారి నడిచేటప్పుడు రెండూ రికార్డు చేసుకుంటే తర్వాత అంతా మార్చుకుంటూ పోవడమే. మధ్య మ్యూజిక్‌కి లూప్ పూర్తిగా ఆపేసి ఒట్టి బేస్ మీద వాయించండి. ఆ నిశ్శబ్దం తర్వాత లూప్ తిరిగి అందుకున్నప్పుడు వచ్చే నిండుదనం వేరు.

పాడేవాళ్ళకి ఇంకో లాభం. దీనికి మైక్ పెట్టుకునే ఎక్స్‌ఎల్‌ఆర్ జాక్ ఉంది, కండెన్సర్ మైకుకి కావాల్సిన ఫాంటమ్ పవర్ కూడా ఇస్తుంది. హమ్మింగ్ ఒక వరస, బేస్ ఒక వరస వేసుకోవచ్చు. ఆర్‌సీ 1, ఆర్‌సీ 5, డిట్టోల్లో మైక్ నేరుగా పెట్టడానికి లేదు. బేస్ వాయిస్తూ పాడే అలవాటు ఉన్నవాళ్ళు ఇక్కడ ఇంకేం ఆలోచించక్కర్లేదు, ఖర్చు ఎక్కువైనా దీన్నే తీసుకోండి.

దీని పైన ఆర్‌సీ 600 ఉంది. ఆరు ట్రాకులు, తొమ్మిది ఫుట్‌స్విచ్‌లు. ఒక్క మనిషి బేస్ మీద ఆరు ట్రాకులకి సరిపడా పని ఉండటం అరుదు. బీట్‌బాక్స్ చేసేవాళ్ళ చేతుల్లో కనిపించే ఆర్‌సీ 505 బల్ల మీద పెట్టుకుని చేత్తో నడిపేది. బేస్ మీద రెండు చేతులూ ఎప్పుడూ పనిలోనే ఉంటాయి. ఎంత నచ్చినా అది మనకి కాదు.

ల్యాప్‌టాప్, ఐప్యాడ్

ఏబుల్టన్ లైవ్‌లో లూపర్ ఉంది, ఐప్యాడ్‌లో లూపీ ప్రో ఉంది. చెయ్యలేని పని లేదు, ఎన్ని ట్రాకులైనా వేసుకోవచ్చు. కానీ బేస్ శబ్దాన్ని లోపలికి అందించే ఆడియో ఇంటర్‌ఫేస్ కావాలి, కాలితో నడిపే మిడి పెడల్ కావాలి, ఈ మూడూ ఒకదానితో ఒకటి పొత్తు కుదరాలి. ఇంట్లో పాటలు కట్టుకోవడానికి ఇది చాలా మంచి దారి. రోహిణి కార్తెలో ఆరుబయట స్టేజీ మీద, ఎండ చల్లారకముందే సౌండ్ చెక్‌కి ల్యాప్‌టాప్ తెరిచి పెట్టడం మాత్రం పెద్ద సాహసం. వేడెక్కి నెమ్మదిస్తే లూప్ చిటపటలాడుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్ మీద లైవ్ లూపింగ్ ఆలోచన పెట్టుకోవద్దు. మీరు వాయించిన దానికీ వినబడేదానికీ మధ్య ఆలస్యం వస్తుంది, లూప్‌లో ఆ ఆలస్యం ప్రతి వరసకీ తగులుతుంది.

ఏ పెడల్ కొన్నా తప్పని సంగతి

గిటార్ వాయించేవాళ్ళు లూపర్ గురించి చెప్పే సలహాలు బేస్‌కి సగమే పనిచేస్తాయి. కారణం స్థాయి. నాలుగు తీగల బేస్‌లో కింది ఈ (E) తీగ 41 హెర్ట్జ్, ఏ (A) తీగ 55, డీ (D) తీగ 73, జీ (G) తీగ 98. ఇంత కింద రెండు వరసలు ఒకదాని మీద ఒకటి పడితే ఏ స్వరమూ విడిగా వినబడదు, ఒకటే హోరు. మూడో వరస వేస్తే మైక్ సెట్ అతను మీ ఫేడర్ కిందికి లాగేస్తాడు. తప్పు అతనిది కాదు.

మోహన రాగంలో ఒక లూప్ ఎలా కట్టొచ్చో చెబుతాను. ఏ (A) తీగని వేలు పెట్టకుండా వదిలి కొట్టింది షడ్జమం అనుకోండి. మొదటి వరసలో 8 బీట్లకి మూడే స్వరాలు: మొదటి బీటు మీద వదిలిన ఏ తీగ, అయిదో బీటు మీద డీ తీగ రెండో ఫ్రెట్ పంచమం, ఏడో బీటు మీద మళ్ళీ షడ్జమం. మంద్రంలో ఇక ఏమీ వద్దు, ఆ చోటు నిండిపోయింది. రెండో వరసలో ముందు చెప్పిన డప్, టక్ దెబ్బలు, కింది స్వరాలు లేని బీట్ల మీద మాత్రమే. మూడో వరసకి ఏడో ఫ్రెట్ పైన వేలు తేలిగ్గా ఆనించి హార్మోనిక్స్ తియ్యండి. ఏ (A) తీగ మీద పంచమం, డీ తీగ మీద షడ్జమం గంటల్లా మోగుతాయి. అవి 165, 220 హెర్ట్జ్ దగ్గర ఉంటాయి కాబట్టి కింది వరసని తాకవు. ఇప్పుడు జీ తీగ 14వ ఫ్రెట్ దగ్గర షడ్జమం పట్టుకుని అక్కడి నుంచి పైకి రాగం పాడించండి. నాలుగు పొరలు, దేని చోటు దానిదే.

ఆక్టేవ్ పెడల్ (స్వరాన్ని ఒక స్థాయి కిందికో పైకో మార్చేది) ఉంటే లూపర్‌కి ముందు పెట్టండి. లూపర్ తర్వాత పెడితే మీరు ఆన్ చేసినప్పుడల్లా పాత వరసలన్నీ కూడా మారిపోతాయి. కంప్రెసర్ (చిన్న, పెద్ద దెబ్బల్ని ఒకే మోతాదుకి తెచ్చేది) కూడా ముందే. లూప్ వాల్యూమ్ నాబ్ పూర్తిగా పెట్టకుండా కాస్త తగ్గించి ఉంచండి, మీరు అప్పటికప్పుడు వాయించేది పైన వినబడాలి.

ఇంట్లో చిన్న గిటార్ యాంప్ మీద విని అంతా బాగుందనుకోకండి. దానికి కింది స్థాయి పలకదు. టౌన్‌హాల్‌లోనో, పెద్ద చర్చిలోనో సబ్ ఊఫర్లు ఉన్నచోట అదే లూప్ గోడలు అదరగొడుతుంది. అందుకే కార్యక్రమానికి ముందు మైక్ సెట్ అతన్ని అడిగి, మూడు వరసలూ వేసి హాలు వెనక్కి నడిచి వెళ్ళి వినండి. లూపర్ ఉన్నందుకు ఈ ఒక్క సౌకర్యం ఉంది, మీ వాయిద్యాన్ని మీరే దూరం నుంచి వినొచ్చు.

కరెంటు, కేబుళ్ళు

ఈ పెడల్స్‌కి 9 వోల్టులు కావాలి, పిన్ను మధ్య భాగం నెగటివ్. రౌటర్లకీ సీసీ కెమెరాలకీ వచ్చే అడాప్టర్లు చాలావరకు 12 వోల్టులు, మధ్య పాజిటివ్. పిన్ను సరిగ్గా పట్టింది కదా అని గుచ్చితే పెడల్ పోతుంది. మిల్లీ ఆంపులు మాత్రం పెడల్ మీద రాసినదానికన్నా ఎక్కువ ఇచ్చే అడాప్టర్ అయినా పర్వాలేదు, తక్కువ ఉండకూడదు. జెనరేటర్ మీద నడిచే పందిళ్ళలో ఎర్త్ సరిగా లేక గుర్రుమనే హమ్ వస్తుంది, లూప్‌లో అది కూడా రికార్డయి వరసకొకటి చొప్పున పెరుగుతుంది. బ్యాటరీ మీద నడిపితే చాలాసార్లు తగ్గిపోతుంది.

పెడల్ నుంచి మిక్సర్‌దాకా పొడవాటి గిటార్ కేబుల్ లాగొద్దు. మధ్యలో డీఐ బాక్స్ (శబ్దం పాడవకుండా మిక్సర్‌కి చేర్చే చిన్న పెట్టె) పెట్టండి. మైక్ సెట్ వాళ్ళ దగ్గర ఉంటుందిలే అని నమ్ముకోకుండా సొంతది ఒకటి బ్యాగులో ఉంచుకోవడం మేలు. గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ (కేబుల్ ఎర్త్‌ని విడదీసేది) ఉన్నదైతే ఆ హమ్ పనీ అదే చూస్తుంది. మైపాడు, కొత్తపట్నం బీచ్‌ల దగ్గర వాయించి వచ్చిన రాత్రి జాకుల్నీ తీగల్నీ పొడిగుడ్డతో తుడవండి, ఉప్పుగాలికి తొందరగా తుప్పు పడతాయి.

కొనడం

ఆన్‌లైన్‌లో అన్నీ దొరుకుతాయి. అయినా వీలుంటే చెన్నై వెళ్ళి చేత్తో చూసి కొనమంటాను. నెల్లూరు నుంచి పొద్దున బండికి వెళ్తే రాత్రికి ఇంట్లో ఉండొచ్చు. 1842 నుంచి ఉన్న మ్యూజీ మ్యూజికల్ లాంటి దుకాణాలు అక్కడ ఉన్నాయి. మీ సొంత బేస్ తీసుకెళ్ళండి. రోజూ వేసుకునే చెప్పులో బూటో వేసుకుని నిలబడి నొక్కి చూడండి. ఒకే ముక్క లూప్ చేసి, సరిగ్గా సమం మీద ఆపడం పదే పదే ప్రయత్నించండి. ఆపడం మీ కాలికి కుదరని పెడల్ ఎంత పేరున్నదైనా పక్కన పెట్టండి.

సెకండ్ హ్యాండ్ అయితే ముందు చూడాల్సింది స్విచ్. ఒక్కసారి నొక్కితే రెండుసార్లు పట్టుకుంటుందేమో గమనించండి, అరిగిన స్విచ్‌లకి ఆ జబ్బు ఉంటుంది, లూపర్‌కి అది ప్రాణాంతకం. జాకుల్లో కేబుల్ పెట్టి అటూ ఇటూ కదిపితే గరగర రాకూడదు. పది నిమిషాల పాటు లూప్ వదిలేసి వినండి. ఆర్‌సీ 5, ఆర్‌సీ 500 లాంటివైతే ఒక లూప్ దాచి, పెడల్ ఆపి, మళ్ళీ ఆన్ చేసి అది ఉందో లేదో చూడండి. అసలు అడాప్టర్ ఇస్తే ఇంకో వంద రూపాయలు ఎక్కువ ఇచ్చినా తప్పులేదు.